నొక్కి పట్టిన చేయి

మా ఆసుపత్రి పేరుగాని, మా విభాగంలో ఎవరికి ఎవరితో పొసగలేదన్న సంగతిగాని నేను ఇక్కడ చర్చించను. ఆచార్య పరాంకుశంగారు ఒక శిష్యురాలికి ఇచ్చిన సమాధానం మాత్రమే చెబుతాను. రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, కోత లేకుండా వైద్యం చేయడం మా విద్య. గొట్టం తీశాక, తొడ మొదట్లో సూది దిగిన చోటును పదిహేను నిమిషాలు చేత్తో నొక్కి పట్టుకోవాలి. మా దగ్గర ఆ పని జూనియర్లది.

మూడో సంవత్సరం రెసిడెంటు తన్మయి ఒకనాడు ఆయనను అడిగింది: "సార్, నేను ఇంకా ఎన్నాళ్లు నొక్కాలి? ముందు నిలబడి కేసు చేసేదెప్పుడు?"

"రేపటి కేసు మొత్తం నీదే. సరిగా ముగిస్తే వచ్చే నెల నుంచి ముందు నిలబడేది నువ్వే" అన్నారాయన.

మరునాటి రోగి గుర్నాథం, రిటైరైన బస్సు కండక్టరు. దగ్గితే రక్తం పడుతోంది. తన్మయి ఊపిరితిత్తిలో ఆ కారుతున్న నాళాన్ని వెతికి పట్టుకుని మూసిన తీరు చూసి నాకు సైతం ముచ్చట వేసింది. గొట్టం తీసి, నొక్కడం మొదలుపెట్టింది. ఎనిమిదో నిమిషంలో, ఆగిందేమో చూద్దామని వేళ్లు ఎత్తింది. రక్తం ఉబికింది. వెంటనే మళ్లీ అదిమింది.

పరాంకుశంగారు గడియారం చూసి, "ఇప్పటి నుంచి పదిహేను" అన్నారు.

గుర్నాథం పడుకునే నవ్వాడు. "ముప్పై ఏళ్లు జనాన్ని ముందుకు జరగండి, జరగండి అని కసిరాను. నువ్వేమో కదలొద్దంటున్నావు డాక్టరమ్మా."

"కదిలావో, దారిలోనే దింపేస్తాను తాతా" అంది తన్మయి, చేయి తీయకుండా.

ఆ పదిహేను నిమిషాలూ అలాగే గడిచాయి. రక్తం ఆగింది. గుర్నాథం మూడోనాడు ఇంటికి వెళ్లాడు. మరుసటి నెల ఆమె ముందు నిలబడింది.

కొన్నాళ్లకు పరాంకుశంగారికి గుర్నాథం ఉత్తరం వచ్చింది. "ఊపిరితిత్తి బాగుచేసిన పెద్ద డాక్టరుగారికి నమస్కారాలు. మాస్కుల్లో వారెవరో ఆనవాలు దొరకలేదు. నా కాలు పట్టుకుని కబుర్లు చెప్పిన డాక్టరమ్మకు మాత్రం ఆవకాయ పంపదలిచాను. పేరు తెలుపగలరు."

ఆయన దానిని తన్మయి చేతికిచ్చారు. ఆమె చదివి, చాలాసేపు నవ్వి, "త్వరగా రాయండి సార్, ఆవకాయ పోతుంది" అంది.

ఆయన ఏనాడూ జవాబు రాయలేదు. కారణమేమని నేను అడిగాను.

"ఆ ఇద్దరూ ఒక్కరేనని తెలియవలసింది గుర్నాథానికి కాదు" అన్నారు.