ఉగ్రతప మహర్షిని నవ్వించిన నర్మకళ

పూర్వం త్రేతాయుగంలో వేత్రవతీ నదీతీరాన రత్నకూటమనే పట్టణాన్ని రాజధానిగా చేసుకొని, ధర్మజ్ఞుడూ దానశీలుడూ అయిన మణికేతు మహారాజు ప్రజలను కన్నబిడ్డల్లా పాలిస్తున్న కాలంలో, ఆయన కొలువులో నర్మకళ అనే విదుషీమణి ఉండేది. వాగ్దేవి కరుణాకటాక్షం వల్ల పుట్టుకతోనే పరిహాసవిద్య అబ్బిన ఆ ప్రతిభావంతురాలు ఎవరి నడకనైనా ఒక్కసారి చూసి నడిచి చూపేది, ఎవరి గొంతునైనా ఒక్కసారి విని పలికి వినిపించేది. స్నానానికి దిగనని మొండికేసిన పట్టపుటేనుగునూ, దాన్ని బతిమాలే మావటివాణ్ణీ ఆమె ఒక్కతే అభినయిస్తూ ఉంటే, వృద్ధులైన మంత్రులు సైతం తలపాగాలు జారిపోయేలా నవ్వేవారు. మంత్రాల మధ్య తుమ్ము ఆపుకోలేని రాజపురోహితుడు, తనను అనుకరిస్తున్న ఆమెను చూస్తూ చూస్తూ నిజంగానే తుమ్మి సభను రెట్టింపుగా నవ్వించాడు. "దేవలోకంలో పాటకూ ఆటకూ కొదవ లేదు గాని, ఇటువంటి నవ్వు మాత్రం మన రత్నకూటానికే దక్కింది" అని మణికేతుడు వచ్చినవారందరితో గర్వంగా చెప్పుకొనేవాడు.

కొలువు నిండా నవ్వులు పంచిన ఆ ఇల్లాలికి ఇంట్లో సుఖం అంతంతమాత్రమే. ఆమె భర్త సుస్వరుడు వీణావాదనలో దిట్ట, కాని ఏ ఊరికి వెళ్ళినా "నర్మకళ భర్త మీరేనా?" అని అడిగేవారే తప్ప వీణ వినిపించమనేవారు లేకపోవడంతో, కొంతకాలం ఓర్చుకొని, కొంతకాలం అలిగి, చివరకు వీణను గోడకు ఆనించి ఉత్తరాపథానికి తపస్సుకు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. కూతురు అనింద్య, కొడుకు శ్రుతధరుడు ఆమె చేతుల్లో మిగిలారు. చేతుల్లో అనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఒక రాజు వసంతోత్సవానికి పిలిస్తే, మరొక రాజు పట్టాభిషేకానికి పల్లకీ పంపేవాడు. తల్లి ప్రయాణాల్లో ఉండగా, పొయ్యి అందని వయసులోనే పీట ఎక్కి గంజి కాచి తమ్ముడి కడుపు నింపినది అనింద్యే.

శ్రుతధరుడికి మాట తడబడేది. పెదవి అంచుదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయి, కాసేపు పెనుగులాడి, తరవాత ఒక్కసారిగా బయట పడేది. ఇంట ఉన్నప్పుడు నర్మకళ ఆ మాటకోసం ఎంతసేపైనా తొందరపడకుండా ఎదురు చూసేది. వాడు ఉదయవేళ సూర్యుడికి నమస్కరిస్తూ "ఆ... ఆ... ఆదిత్యాయ" అంటుంటే, లోకంలో అంతకంటె శ్రావ్యమైన స్తోత్రం లేదనుకొనేది.

ఇలా ఉండగా ఒకనాడు, యుద్ధానికి కాలు దువ్వుతున్న పొరుగు భూపతి ఒకడు సంధి మాటలకని రత్నకూటానికి వచ్చి, విందు తిని, ముఖం ముడుచుకొని కొలువులో కూర్చున్నాడు. మణికేతుడు నర్మకళవైపు చూశాడు. ఆమె ఏనుగును చూపింది, పురోహితుణ్ణి చూపింది, మంత్రులను వరసగా చూపింది. ఆ అతిథి పెదవి కదపలేదు. సభ చల్లబడుతూ ఉండగా, విద్య ఓడిపోతోందన్న భయం మనసును కమ్మగా, ఆలోచించకుండానే ఆమె చేతులు జోడించి, కనురెప్పలు టపటపలాడించి, "ఆ... ఆ... ఆ..." అంది. అతిథి పకపకా నవ్వాడు. సభ నవ్వింది. సంధి కుదిరింది. మెడలో పడిన ముత్యాలహారాన్ని సర్దుకుంటూ తలెత్తిన నర్మకళకు, తల్లి ఆట చూడాలని ముచ్చటపడి వచ్చి స్తంభం పక్కన నిలుచున్న ఇద్దరు పిల్లలు కనిపించారు. ఆమె మెట్లు దిగి అక్కడికి చేరేసరికి వాళ్ళు లేరు. ఇంటికి వెళ్ళేసరికి ఇంట్లోనూ లేరు.

నది ఎగువన అడవిలో ఉగ్రతపుడనే మహర్షి ఆశ్రమముంది. అగ్నిజ్వాలల వంటి జడలతో, వేసవి సూర్యుడి వంటి తేజస్సుతో వెలిగే ఆ మునిపుంగవుడు నవ్వగా చూసినవారు లేరు గాని, ఆకలితో గుమ్మంలోకి వచ్చినవారిని ఆయన పంపివేయగా చూసినవారూ లేరు. ఆయనే ఆ బిడ్డలకు నీడ ఇచ్చాడు. నర్మకళ పండ్లు పంపింది, బట్టలు పంపింది, మనుషులను పంపింది. అన్నీ వెళ్ళిన దారినే తిరిగి వచ్చాయి. "మాకు తల్లి లేదని చెప్పండి" అన్న అనింద్య మాటను మోసుకొచ్చిన సేవకుడు, ఆ మాట చెప్పలేక చెప్పి తల వంచుకొన్నాడు.

ఏళ్ళు గడిచాయి. అనింద్య ఆశ్రమంలోనే సోమదత్తుడనే సౌమ్యుడైన బ్రహ్మచారిని వివాహమాడి, గోవులనూ పాకశాలనూ తన కనుసన్నల నడిపించసాగింది. శ్రుతధరుడు సామవేదం నేర్చాడు. మాటలో తడబడే ఆ నాలుక గానంలో నదిలా సాగేది. అతడు సామం అందుకుంటే ఆవులు మేత మాని తలెత్తేవి. ఈ వార్తలన్నీ నర్మకళకు చేరుతూనే ఉండేవి. జుట్టు నెరిసినా ఆమె కొలువులో నవ్విస్తూనే ఉంది. కాని ఆ తడబాటును మాత్రం మళ్ళీ ఎన్నడూ తన నోట పలికించలేదు.

అప్పుడొకనాడు ఆపద వచ్చిపడింది. మహర్షి నదిలో నిలిచి సూర్యుడికి అర్ఘ్యమిస్తున్న వేళ, అలంకారాలతో ఊరేగి వస్తున్న రాజుగారి ఏనుగులు అడ్డూ ఆపూ లేకుండా నీటిలోకి దూకి, బురద రేపి, ఆయన కమండలువును తొక్కివేశాయి. ఉగ్రతపుడు ఎర్రబడిన కన్నులతో దోసిట నీరు తీసుకొని శాపానికి చెయ్యెత్తాడు. మణికేతుడు ఏనుగు దిగి పరుగున వచ్చి పాదాల మీద పడ్డాడు.

"రాజా, లే. నిన్ను చూస్తే జాలి కలుగుతూనే ఉంది" అన్నాడు మహర్షి, ఎత్తిన దోసిలి దించకుండానే. "కాని ఇది ఎన్నో ఏళ్ళ తపస్సుతో రాజుకొన్న కోపం; నాదే అయినా నాకే లొంగడం లేదు. సూర్యాస్తమయంతో ఈ జలం దానంతట అదే జారుతుంది, జారిన క్షణాన నీ నగరం భస్మమవుతుంది. ఈలోగా నా హృదయంలోనుంచి నవ్వు పుట్టిందా, ఇది వట్టి నీరు. నేను నవ్వి ఎంతకాలమైందో నాకే జ్ఞాపకం లేదు!"

రాజు స్వయంగా రథం తోలుకొని నర్మకళ ఇంటి ముందు దిగాడు. జరిగినదంతా చెప్పాడు. నగరం కాలిపోతుందన్న భయం కంటె ముందుగా, బిడ్డల ఎదుట నిలవాలన్న భయం ఆమెను పట్టుకొంది. అయినా రథమెక్కింది.

ఆశ్రమప్రాంగణంలో శిష్యులంతా చుట్టూ నిలిచారు. దోసిలి ఎత్తి శిలావిగ్రహంలా కూర్చున్న మునీశ్వరుడి వెనక శ్రుతధరుడు ఉన్నాడు. తండ్రి ఎత్తు, తండ్రి భుజాలు. గోశాల గుంజను పట్టుకొని అనింద్య నిలుచుంది. తల్లిని చూసి చూపు తిప్పుకొంది.

నర్మకళ కొంగు బిగించి మొదలుపెట్టింది. ఏనుగు వచ్చింది, ఏనుగుల వల్లనే మండిన మునికి అది మరింత కోపం తెప్పించింది. పురోహితుడు తుమ్మాడు, పిల్ల శిష్యులు నవ్వారు గాని ముని కనుబొమ్మ ముడి విడలేదు. పొద్దు చెట్ల నడిమికి జారింది. మణికేతుడు దగ్గరికి వచ్చి రహస్యంగా అన్నాడు: "నర్మకళా, ఆనాడు ఆ రాజును నవ్వించిన విద్య... అది చూపు. ఇంత ఊరి ప్రాణం నీ చేతిలో ఉంది."

ఆమె తలెత్తి, అందరికీ వినబడేలాగే బదులు చెప్పింది. "మహారాజా, అది నా విద్య కాదు. నా కొడుకు సొత్తు. ఒకసారి వాణ్ణి అడక్కుండా దొంగిలించి అమ్ముకున్నాను. మళ్ళీ ముట్టుకోను. నగరం కోసం నేనింకేమైనా చేస్తాను, అది మాత్రం చేయను."

శ్రుతధరుడు కదిలాడు. అనింద్య మళ్ళీ ఇటు తిరిగింది.

"మహానుభావా! ఇంతకాలమూ లోకులను అనుకరించాను. ఇప్పుడు నాకు బాగా తెలిసిన ఒక వెర్రిదాన్ని చూపిస్తాను, చిత్తగించండి" అని మునికి మొక్కి, నర్మకళ తన్ను తానే అభినయించసాగింది. ఆ వెర్రిది తెల్లవారుతూనే అద్దం ముందు నిలిచి, బిడ్డలను క్షమాపణ ఎలా అడగాలా అని సాధన చేస్తుంది. మహారాణిలా గడ్డమెత్తి ఒకసారి అడుగుతుంది; మరీ దర్పంగా ఉందని తల కొట్టుకుంటుంది. ముసలి పండితుడిలా శాస్త్రాలు వల్లిస్తూ మరొకసారి అడుగుతుంది. మధ్యలో శ్లోకం మరచిపోయి పక్కవాణ్ణి అడుగుతుంది. జబ్బుపడ్డదానిలా మూలుగుతూ అడగబోయి, ఆ మూలుగు తనకే నచ్చి, ఇంకాస్త మూలిగి, వచ్చిన పని మరచిపోతుంది. ఎలాగో మాటలన్నీ కూర్చుకొని ఆశ్రమం కంచెదాకా వస్తుంది. లోపల కూతురు కనబడగానే నాలుక పిడచకట్టుకొని పోతుంది. కంచె పక్కన ఒక కపిలదూడ! సరే, దానికే చేతులు జోడిస్తుంది. దాని ముందే మోకరిల్లి, కన్నీళ్ళు కార్చి, "అమ్మా, అపరాధం మన్నించు తల్లీ" అంటుంది. దూడ శ్రద్ధగా వింటుంది. వింటూ వింటూ పైట కొంగు నమలడం మొదలుపెడుతుంది. ఈవిడ క్షమాపణ ముగిసేసరికి సగం కొంగు దూడ కడుపులో ఉంటుంది! మిగిలిన సగం కప్పుకొని ఇంటికి పోతుంది. మళ్ళీ పౌర్ణమికి కొత్త చీరతో వస్తుంది.

శిష్యులు పడి పడి నవ్వారు. శ్రుతధరుడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఉగ్రతపుడు మాత్రం నిటారుగా లేచి కూర్చొన్నాడు.

"ఆగు తల్లీ. కంచె పక్క దూడ ముందు మోకరిల్లి ఏడ్చిన స్త్రీ... నువ్వా?"

"నేనే స్వామీ."

"మరి ఆ దూడ... దేవలోకపు ధేనువు కాదా?"

"మామూలు దూడే స్వామీ. చీరలు తినే దూడ."

మహర్షి గోశాలవైపు చూశాడు. అక్కడ, మెడలో పూలదండతో, నుదుట పసుపు కుంకుమలతో, ఆనాటి దూడే పెరిగి బలిసిన కపిలగోవు తీరికగా నెమరు వేస్తూ ఉంది. "శివశివా! ఎవరో దివ్యాంగన వచ్చి మొక్కుతోందంటే ఇది శాపవశాన వచ్చిన దేవతే అనుకొన్నాను. ఇన్నేళ్ళుగా ప్రతి ఉదయమూ దీనికి ప్రదక్షిణం చేస్తున్నాను. నా మోక్షం సంగతి కూడా దీన్నే అడిగాను..." అంటూ ఉండగానే, ఆయన గడ్డం వణికింది, భుజాలు కదిలాయి, ఆ మహాతపస్వి గుహలో ఉరుము పుట్టినట్టు నవ్వాడు. దోసిటి నీరు వేళ్ళ సందులనుంచి కారి నేల తడిపింది. ఆవు వచ్చి ఆ తడిని వాసన చూసి వెళ్ళింది.

మణికేతుడు ఆనందబాష్పాలతో మునికి సాష్టాంగపడి, ఇక ఆ రేవులోకి ఏనుగులను దింపనని ప్రమాణం చేశాడు.

అంతట శ్రుతధరుడు వచ్చి తల్లి పాదాలు తాకాడు. "అ... అ... అమ్మా" అన్నాడు. ఆమె మునుపటిలాగే తొందరపడకుండా ఎదురు చూసింది. "నేను ఎ... ఎప్పుడో మరచిపోయానమ్మా. అ... అక్క..."

"వాడు మరచిపోతాడు. వాడి మనసు అటువంటిది" అంది అనింద్య, గుంజ దగ్గరనుంచి కదలకుండానే. "దారి పొడుగునా ఏడుస్తున్నవాణ్ణి వీపున మోసింది నేను. నెలల తరబడి నోరు విప్పకపోతే పక్కన కూర్చున్నది నేను. నాకు మరుపు రాదు."

ఉగ్రతపుడు నవ్వు ముగించి, ప్రసన్నవదనంతో పలికాడు: "సాధ్వీ, నా కోపాగ్ని నుంచి ఒక నగరాన్నీ, కోపపాపం నుంచి నన్నూ కాపాడావు. వరం కోరుకో. ఆ దుర్దినాన్ని నీ బిడ్డల జ్ఞాపకంలోనుంచి తుడిచివేయమన్నా తుడిచివేస్తాను."

నర్మకళ కూతురివైపు చూసి, చేతులు జోడించింది. "వద్దు స్వామీ. ఆ రోజు వాళ్ళది. దాన్ని కూడా నేను తీసుకోకూడదు. నా బిడ్డ కోపం న్యాయమైనది, అలాగే ఉండనివ్వండి. నాకు మాత్రం ఈ కంచె లోపల, అది తిడితే వినబడేంత దూరంలో, ఒక పాక వేసుకొనే చోటు ఇప్పించండి."

"తథాస్తు" అన్నాడు మహర్షి. "మరొకటి నేనుగా ఇస్తున్నాను. ఈ దేశంలో ఇకమీదట బలహీనుణ్ణి బాధించి నవ్వబోయినవారి నవ్వు గొంతులోనే ఆగిపోవుగాక. నీ విద్య వల్ల నీ బిడ్డలకు ఇక నొప్పి కలగదు."

ఆ విధంగా నర్మకళ కొలువు వదలి గోశాల పక్కన పాక వేసుకొంది. మొదట అనింద్య ఆమెతో మాట్లాడలేదు. తరవాత, కట్టెలు తడిపావనీ, పప్పు మాడ్చావనీ, దూడలను పాడుచేస్తున్నావనీ తిట్టడం మొదలుపెట్టింది. నర్మకళకు ఆ తిట్లు సామగానంలా వినిపించేవి. శ్రుతధరుడు సాయంవేళ వచ్చి పక్కన కూర్చొని, ఆ రోజు కథలన్నీ తన తీరున, ఆగి ఆగి చెప్పేవాడు.

ఒక శీతకాలపు ఉదయం నర్మకళ పెరుగు చిలుకుతూ ఉంటే, అనింద్య వచ్చి నడుం మీద చెయ్యి వేసి నిలుచుంది. "అలా కాదు. తాడు అంత గట్టిగా లాగితే కుండ పగులుతుంది. ఎవరు నేర్పారు నీకు? నిదానంగా, ఇలా... జరుగు అమ్మా, నేను చూపిస్తాను" అని పక్కన చతికిలబడి తాడు అందుకొని, వెన్న ఎలా తేలాలో చెబుతూనే ఉంది. తన నోట ఏ మాట వచ్చిందో ఆమె గమనించలేదు. నర్మకళ గమనించింది. ఏ సభనైనా ఊపగల ఆ విదుషి, కూతురి భుజం తన భుజానికి తగులుతూ ఉండగా, తాడు రెండో కొస పట్టుకొని లాగింది.

ఈ నర్మకళోపాఖ్యానాన్ని భక్తితో విన్న ఇళ్ళలో, అలిగినవారు మాట వినబడేంత దగ్గరలోనే ఉంటారనీ, అక్కడి నవ్వు ఎవరినీ నొప్పించదనీ ఉగ్రతప మహర్షి వాక్కు.