సోమిదేవమ్మ పీట

పేరయ్యకి పీఠిక రాయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. నవ్వకండి. నూరు తాటాకులు, ఒట్టి పీఠికే!

సోమయాజులుగారి దగ్గర చదువుకునే రోజుల్లో, ఒకసారి గురువుగారి భార్య సోమిదేవమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "మీరంతా సంస్కృతంలో వల్లించే ఆ కథని ముప్పై ఏళ్లుగా ఈ గోడకివతల కూరలు తరుగుతూ వింటున్నాను నాయనా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నాకు మన తెలుగులో చెప్పవూ?"

"రాసి తెచ్చి నేనే చదివి వినిపిస్తానమ్మా," అన్నాడు పేరయ్య.

చదువు ముగించి సొంతూరు వెళ్లి రాయడానికి కూర్చున్నాడు. గ్రంథమన్నాక ముందు పీఠిక ఉండాలి కదా. దేవుళ్లని స్తుతించాడు. పూర్వకవులకి దణ్ణాలు పెట్టాడు. చెడ్డ కవుల్ని తిట్టడానికి నాలుగు పద్యాలు చాలు. హుషారొచ్చి నలభై అయ్యాయి. తర్వాత గురువుగారి వంశం, తన వంశం, కథ ఎవరు వినాలి, ఎలా వినాలి. కథ అడిగిన అమ్మ మీదే పన్నెండు పద్యాలు. ఆవిడ కబురు పెట్టినప్పుడల్లా "పీఠిక అయిపోవచ్చిందని చెప్పు" అనేవాడు.

చివరికి అయింది. ఓ ఉదయం కట్ట చంకన పెట్టుకుని గురువుగారింటికి వచ్చాడు. వంటింట్లో అలికిడి లేదు. సోమయాజులుగారే మంచినీళ్లు తెచ్చిచ్చారు.

"అమ్మగారేరండీ?"

"మాఘమాసంలో పోయిందిరా."

పేరయ్య గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "అమ్మ మీద పన్నెండు పద్యాలు రాశానండీ," అన్నాడు.

గురువుగారు వంటింట్లోంచి ఓ పాత పీట తెచ్చి, ఉత్తరీయంతో తుడిచి, ఎదురుగా వేశారు. పేరయ్య కూర్చోబోయాడు.

"నీకు కాదు. ఆవిడది. రోజూ వంటయ్యాక ఇది వేసుకుని నీకోసం వీధిలోకి చూస్తుండేది. చదువు."

ఖాళీ పీట ముందు నేలమీద కూర్చుని చదివాడు. ఆఖరి ఆకు బోర్లించేసరికి మధ్యాహ్నం దాటింది.

కళ్లు మూసుకుని ఊఁ కొడుతున్న సోమయాజులుగారు కళ్లు తెరిచారు. "ఊఁ. తర్వాతేమైంది?"

పేరయ్య దగ్గర ఇంకో ఆకు లేదు. పీటవంక తిరిగాడు.

"అనగనగా ఒక రాజుండేవాడమ్మా," అని మొదలుపెట్టాడు.

పద్యం లేదు, తాటాకు లేదు, నోటికొచ్చిన తెలుగులో చెప్పుకుపోయాడు. ఆవులు ఇంటికి తిరిగొచ్చే వేళకి కథ మొత్తం అయిపోయింది.

గురువుగారు లేచి, పీట తీసి గోడకి చేరేశారు.

"ఒక్క పూట పనిరా, పేరయ్యా," అన్నారు.