బుల్లెమ్మ మెడ ఎవరి పోలిక?

పశువుల పాక వెనక దొడ్డిలో గుడ్లు పెట్టేవాళ్ళు చాలామంది, పొదిగేది మాత్రం సూరమ్మ ఒక్కతే. నాటుపెట్ట. కురచ కాళ్ళు, వెడల్పు పొట్ట. పందెం జాతి పెట్టలు కూర్చుంటే ఆ బరువుకి గుడ్లు చితుకుతాయి. అందుకని యజమాని అందరి గుడ్లూ తెచ్చి సూరమ్మ కిందే పెడతాడు. ఎవరి గుడ్డని ఆమె ఏనాడూ అడగలేదు. పిల్లలన్నీ తనవే.

వాళ్ళలో ఒకతి బుల్లెమ్మ. వయసుకొచ్చిన పెట్ట. పుంజు వీరన్న "ఏంటే, నడుస్తున్నావా, దొర్లుతున్నావా?" అన్నప్పట్నించీ తిండి మానేసింది. నూకలు చల్లితే కాలితో కెలికి, తిన్నట్టు నటించి, పక్కకి తోసేస్తోంది. రొమ్ము ఎముక కత్తిలా తేలింది.

దొడ్డంతా పంచాయితీకి కూర్చుంది. ముందు నోరు విప్పింది రాజ్యం, పందెం జాతి పెట్ట.

"పెంపకం! నాటుదాని పెంపకం ఇంతే. గారాబం చేసి నెత్తికెక్కించుకుంది. గంప కింద మూసేయండి. ఆకలేస్తే అదే తింటుంది."

ముసలి ఎద్దు గంగులు తలూపాడు. ఆయన దేనికైనా తలూపుతాడు.

సూరమ్మకి ఒకటి తెలుసు. ఒంటరిగా గంప కింద పడేస్తే ఈ పిల్ల మళ్ళీ బయటికి రాదు. రాజ్యం కన్ను పొడవాలన్నంత కోపం వచ్చింది. దాన్ని దిగమింగి గొంతులో తేనె పోసుకుంది.

"నిజమే అక్కా, నాకేం తెలుసు పెంపకం. కానీ ఆ మెడ చూడు. ఆ నిగనిగ మావాళ్ళలో ఎక్కడుంది?"

రాజ్యం మెడ సాగింది. "అది మా అమ్మ మెడే!"

"మరి ఆ పసుపు కాళ్ళు?"

"మా నాయనమ్మవి."

"నిన్న కుక్కని తరిమింది చూశావా? ఆ పొగరు?"

"అచ్చం నేనే! ఆ గుడ్డు నాదే, నువ్వు వెచ్చబెట్టావంతే. పోలికలు నెత్తుట్లో వస్తాయే సూరమ్మా, పొదిగితే రావు!"

"అందరూ విన్నారుగా?" సూరమ్మ లేచి నిలబడింది. "మెడ నీది, కాళ్ళు నీవి, పొగరు నీది. తిండి మానడం ఒక్కటే నాదా? మిగతా పిల్లలు అదే తొట్టిలో తిని, ఇదే రెక్క కింద పడుకుని, బస్తాల్లా పెరిగారే!"

బాతు వెంకాయమ్మ పకపకా నవ్వింది. "రాజ్యం వదినా, మీ పిన్ని సంగతి..."

"నువ్వు నోర్ముయ్!"

"ఏ పిన్ని?" అంది సూరమ్మ.

రాజ్యం మెడ ఈకల్లోకి కుంచించుకుపోయింది. "చిన్న పిన్ని. ఇలాగే మానేసింది. గంప కింద మూశారు. ఎత్తి చూసేసరికి ప్రాణం లేదు." ముక్కుతో నేల గీకుతూ, "మా అమ్మక్కూడా ఈ జబ్బు వచ్చింది. జాతికి మచ్చని ఎవరం చెప్పుకోలేదు."

"మీ అమ్మ ఎలా బతికింది?"

"నాయనమ్మ రోజూ పక్కన కూర్చుని తినేది. తిను, తిను అని పోరేది కాదు. పొట్ట మాటెత్తినవాణ్ణి పొడిచేది."

"ఇంత మందు కడుపులో దాచుకుని గంప తెమ్మంటావా, మహాతల్లీ!"

వీరన్న గొంతు సవరించుకున్నాడు. "నేను అందర్నీ అలాగే అంటాను. ఇంకెవరూ మానలేదే?"

"నీ కూత వాన లాంటిది నాయనా, అందరి మీదా పడింది. విత్తనం ఉన్నచోట మొలిచింది. అలాగని వానకి తప్పులేదనుకోకు," అంటూ సూరమ్మ అతని తోకలో మంచి ఈక ఒకటి పీకింది.

గంగులు తలూపడం ఆపాడు. "నెత్తుట్లో వచ్చిందంటే ఇక పోదా అమ్మా?"

"రాజ్యం వాళ్ళమ్మ బతకలేదా తాతా? ఎటునుంచి వస్తుందో తెలిస్తేనే కదా కాపలా కాసేది."

ఆనాటి నుంచి రాజ్యం బుల్లెమ్మ పక్కన కూర్చుని నానబెట్టిన నూకలు తింటోంది, నోరు మూసుకుని. పందెం బరిలో నిలబడటం ఇంతకంటే సుఖమని ఆమెకి అర్థమైంది. ఒక పూట బుల్లెమ్మ ఒక్క నూక ఏరుకుని మింగింది. రాజ్యం "మా పోలి..." అనబోయి, సూరమ్మ చూపు చూసి, ఆ మాటని నూకలతో సహా మింగేసింది.

బిడ్డ అందంలో వాటా అడిగే వంశం, బిడ్డ జబ్బులోనూ తన వాటా ఒప్పుకోవాలి.