ఏకనేతమ్మ గుట్ట

పూర్వం పెన్నకు దక్షిణాన, మగ్గాల చప్పుడుతోనే తెల్లవారే తొగటపాలెం అనే గ్రామంలో ఓబుళమ్మ అనే వృద్ధురాలు ఉండేది. గుట్ట మీది అమ్మవారికి ఏటా చైత్ర పౌర్ణమినాడు సమర్పించే పదహారు మూరల చీరను నలభై ఏళ్లపాటు భక్తితో నేసిన పుణ్యం ఆమెదే. ఆ చీర ఆద్యంతం ఒకే చేతి నేతగా ఉండాలన్నది పెద్దల కట్టడి. అమ్మవారు ఆ మాట ఎన్నడన్నదో ఎవరికీ తెలియదు గాని, పెద్దలకు మాత్రం బాగా గుర్తు.

తల్లిలేని మనుమరాలు సిద్ధమ్మకు ఆ అవ్వే లోకం. మగ్గం గుంటలో పక్కన కూర్చోబెట్టుకుని, పిల్ల చేతిమీద తన చేయి వేసి, పోగును అటూ ఇటూ నడిపే నాడె విసరడం నేర్పింది. పోగు తెగితే కసురుకునేది, ఆ వెంటనే కొంగుముడిలోని బెల్లంముక్క నోట పెట్టేది. నేస్తున్నంతసేపూ అమ్మవారితో సొంత కూతురితో మాట్లాడినట్టు ముచ్చటించేది. అటువంటి మనిషి ఒక ఫాల్గుణ మాసంలో, చీర సగం దాటిన వేళ మంచం పట్టి, నాలుగు రోజులకే కన్నుమూసింది.

మైల తీరిన మరునాడు సిద్ధమ్మ మగ్గంలోకి దిగింది. అవ్వ ఆపిన చోటు ఆమెకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. అక్కడ వేలు పెట్టి తనివితీరా ఏడ్చి, మిగిలిన చీర నేసి, పౌర్ణమినాడు నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కింది. అవ్వ చివరి చీరను అమ్మవారి ఒంటిమీద ఒక్కసారి చూసుకోవాలన్నదే ఆమె కోరిక.

గుడి ముంగిట చీర అందుకోవలసిన ఊరిపెద్ద పుల్లయ్య మెత్తని మనసువాడే గాని కట్టడి దాటలేనివాడు. "రెండు చేతుల నేత అమ్మకు పనికిరాదు తల్లీ. మీయవ్వ నేసినంత మటుకు కోసి అమ్మకు కప్పుదాం. తక్కింది నువ్వు తీసుకపో," అన్నాడు.

"కోస్తే మాయవ్వ మళ్లీ సచ్చిపోతాది తాతా," అంది సిద్ధమ్మ. ఆయన కళ్లు చెమర్చాయి, అయినా కత్తి తెమ్మన్నాడు.

కత్తి వచ్చింది గాని కోయవలసిన చోటు దొరకలేదు. తాకి చూసి ఎవరి నేతో చెప్పగలమని మీసం దువ్వే నేతగాళ్లు చీరను ఎండలో పరిచి మొదటి మూర నుంచి చివరి మూర దాకా తడిమారు. ఒకరు ఆరో మూర అంటే మరొకరు పన్నెండోది అన్నారు. చివరకు సిద్ధమ్మనే చూపమన్నారు. ఇన్నాళ్లూ తన వేలు మరువని ఆ చోటు కోసం ఆమె ఎంత వెతికినా, అవ్వ ఎక్కడ ఆగిందో, తాను ఎక్కడ మొదలుపెట్టిందో తెలియలేదు. పుల్లయ్య కత్తిని అవతల పెట్టి, పైపంచె నడుముకు చుట్టుకుని, చీరను రెండు చేతులా అర్చకుడికి అందించాడు.

నాటినుంచి ఆ దేవికి ఏకనేతమ్మ అని పేరు. సిద్ధమ్మ ముదుసలియై తన మనుమరాలికి మగ్గం అప్పగించిన ఏడు కూడా, "మాయవ్వ యాడ నిలిచిందో నాకింతవరకు దొరకనే లేదు," అని నవ్విందట. నేటికీ చైత్ర పౌర్ణమి చీరను ఒక అవ్వ మొదలుపెడుతుంది, మనుమరాలు ముగిస్తుంది. ఆ ఏడు ఇంటి పెద్దదిక్కును పోగొట్టుకున్నవారు గుట్ట ఎక్కి, ఆ చీరమీద వేలు పెట్టి అతుకు కోసం వెతుకుతారు. ఎంతసేపు వెతికినా అర్చకుడు వారిని తొందరపెట్టడు.