పొగమంచులో తీపి గొంతు

అనగనగా, ఇంకా ఎవరి చేతిలోనూ ఫోను మొలవని కాలంలో, ఒక పెద్ద సరస్సు ఉండేది. ఈ గట్టున నిలబడితే ఆ గట్టు కనిపించేది కాదు. దాని నిండా రెల్లు, తుంగ, తామరాకులు. వాటి నడుమ లెక్కలేనన్ని పక్షులు.

చలికాలం వచ్చిందంటే ఆ సరస్సు మీద పొగమంచు దిగేది. పొద్దెక్కేదాకా ఎవరికీ ఎవరూ కనిపించేవారు కారు. మాట మాత్రం నీళ్ళ మీద జారుకుంటూ ఎంత దూరమైనా పోయేది. అందుకని పక్షులన్నీ ఆ వేళ ఉన్నచోటనే కూర్చుని కబుర్లాడుకునేవి. తూర్పు గట్టు కొంగ పాట ఎత్తుకుంటే పడమటి గట్టు బాతు అందుకునేది. ఎవరి గూట్లో పిల్లలు పుట్టాయో, ఏ మడుగులో చేపలు దిగాయో, సరస్సంతటికీ క్షణాల్లో తెలిసిపోయేది. ఆ సందడి విని తీరవలసిందే.

అయితే ఒక చిక్కు ఉంది. మొహం కనిపించకపోతే కొందరికి నోరు పెద్దదవుతుంది. ఎండలో ఎదురుపడితే వంగి వంగి దండాలు పెట్టేవాళ్ళే, మంచు దిగగానే నోటికొచ్చినట్టు కూసేవాళ్ళు.

ఆ సరస్సులో చిట్టిబుంగ అని ఒక బుడుబుంగ పిల్ల ఉండేది. బుడుబుంగ అంటే తెలుసుగా? గుప్పెడంత ఉంటుంది. చూస్తుండగానే బుడుంగున మునుగుతుంది, ఎక్కడో తేలుతుంది. దాని గూడు చెట్టు మీదా ఉండదు, నేల మీదా ఉండదు. నాచూ తుంగా కుప్పగా పోసి, ఒక రెల్లు దుబ్బుకు ముడివేసి, నీళ్ళ మీదే తేలేలా కట్టుకుంటుంది. ఆ ఏడు చిట్టిబుంగ వాళ్ళమ్మ రెండో కాన్పుకి అందులో అయిదు గుడ్లు పెట్టింది. మేతకు వెళ్ళేటప్పుడు వాటి మీద తడి నాచు కప్పేసి వెళ్ళేది. అలా కప్పితే అది గూడో చెత్తకుప్పో బ్రహ్మదేవుడికైనా తెలియదు. అలాంటి కుప్పలు ఆ సరస్సులో వందలు తేలుతుంటాయి మరి.

"మంచులో ఏ కబురైనా చెప్పుకో తల్లీ, మన కుప్ప ఏదో మాత్రం చెప్పకు. ఇంటి గుట్టు లంకకు చేటు" అనేది అమ్మ.

"నాకు తెలుసులేవే అమ్మా" అనేది చిట్టిబుంగ. తెలుసులే అన్నవాళ్ళకే పాఠం రెండోసారి చెప్పాలి. ఆ సంగతి పాపం అమ్మకు తట్టలేదు.

చిట్టిబుంగకు పాటంటే ప్రాణం. ఒకనాడు మంచులో గొంతెత్తి కిలకిలా పాడింది. సగం పాడిందో లేదో, ఎటునుంచో ఒక గొంతు, "ఎవరింటి తలుపో కిర్రుమంటోంది. కాస్త ఆముదం పోయండర్రా" అంది. మంచు నిండా నవ్వులు.

చిట్టిబుంగకు తల కొట్టేసినట్టయింది. అన్నదెవరో కనిపించదు. ఆ గొంతు ఎర్రకాళ్ళ కొంగ పిన్నిదేమో అనిపించింది. అనిపించడమే ఆలస్యం, ముందూ వెనకా చూసుకోకుండా, "రెల్లుపుల్లల్లాంటి కాళ్ళేసుకుని నువ్వా నన్ను అనేది? గాలి గట్టిగా వీస్తే విరిగిపోతావు, చూసుకో" అని అరిచింది. మళ్ళీ నవ్వులు. ఈసారి నవ్వులు తనవైపు ఉన్నాయని చిట్టిబుంగ పొంగిపోయింది.

కాసేపటికి మంచు విడిపోయింది. చూస్తే, మూరెడు దూరంలో కొంగ పిన్ని నిలబడి ఉంది. ఆమె కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"నేనేమీ అనలేదమ్మా. నీ పాట విందామనే దగ్గరికి వచ్చాను" అంది కొంగ పిన్ని.

చిట్టిబుంగ సిగ్గుతో బుడుంగున మునిగింది. కాని ఎంతసేపని నీళ్ళలో ఉంటుంది? మళ్ళీ తేలి, పిన్ని కాళ్ళ దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, "తప్పయిపోయింది పిన్నీ. నీ మొహం చూస్తూ ఉంటే ఆ మాట అనేదాన్ని కాదు" అంది.

"మొహం చూసి అనలేని మాట మంచులోనూ అనకూడదమ్మా. నోరు మంచిదైతే ఊరు మంచిది" అని కొంగ పిన్ని ముక్కుతో దాని తల నిమిరింది. అక్కడితో ఆ కోపం కరిగిపోయింది.

కోపం పోయింది గాని చిట్టిబుంగ దిగులు పోలేదు. మరునాటి నుంచి పాట మానేసింది. మంచులో అందరూ కబుర్లాడుకుంటుంటే తానొక్కతే రెల్లు చాటున ముడుచుకుని కూర్చునేది. సరిగ్గా అప్పుడే, గట్టు వైపు నుంచి సన్నగా, తేనె పూసినట్టు ఒక గొంతు వినిపించింది.

"పాట ఆపేశావేం? అంత చక్కని పాట నేనెక్కడా వినలేదు."

"ఎవరు నువ్వు?" అంది చిట్టిబుంగ.

"ఉత్తరదేశం నుంచి వలస వచ్చిన బాతుపిల్లను. నీ ఈడుదాన్నే. గుంపులోంచి తప్పిపోయాను. నాకిక్కడ ఎవరూ లేరు."

కొత్తవాళ్ళు పలికితే నీది ఏ గుంపు, ఎవరి పిల్లవు అని అడగడం ఆ సరస్సులో ఆచారం. పొగడ్త చెవిలో పడ్డాక ఆచారాలు ఎవరికి గుర్తుంటాయి? చిట్టిబుంగ ఆ రోజు మళ్ళీ పాడింది. తీపి గొంతు ఆహా అంది, ఓహో అంది. వెళ్ళేముందు, "మన స్నేహం సంగతి మీ అమ్మకు చెప్పకేం. పెద్దవాళ్ళకు ఇలాంటివి అర్థం కావు" అంది.

రెండోనాడు, "మీ అమ్మానాన్నా మేతకు ఎప్పుడు వెడతారు? వాళ్ళు లేనప్పుడైతే మనం హాయిగా మాట్లాడుకోవచ్చు" అంది. చిట్టిబుంగ చెప్పింది.

మూడోనాడు, "మీ ఇల్లెక్కడ? దూరం నుంచైనా ఒక్కసారి చూసి మురిసిపోతాను" అంది.

చిట్టిబుంగ తటపటాయించింది. వెంటనే తీపి గొంతు చిన్నబోయింది. "నన్ను నమ్మడం లేదన్నమాట. సరేలే. దిక్కులేనిదాన్ని నన్నెవరు నమ్ముతారు?"

చిట్టిబుంగ మనసు వెన్నలా కరిగింది. "వంగిన రెల్లు దుబ్బు పక్కన తెల్లతామర ఉంది చూడు, దాన్ని ఆనుకున్న కుప్ప మాదే" అనేసింది.

"ఓహో. అక్కడ నీళ్ళెంత లోతు?"

"జానెడు కూడా ఉండవు."

"చాలా సంతోషం. రేపు కలుద్దాం" అని గొంతు వెళ్ళిపోయింది.

ఆ తరువాత చిట్టిబుంగ పాడబోయింది. పాట రాలేదు. ఏదో ముల్లులా గుచ్చుకుంటోంది. బాతుపిల్లకు లోతుతో పనేమిటి? తేలేవాళ్ళకు జానెడైతేనేం, తాటిచెట్టంతైతేనేం? లోతు అడిగేది నేల మీద నడిచేవాళ్ళు కదా. గట్టు మీద నడిచేది, గుడ్లంటే పడిచచ్చేది ఎవరో ఆ సరస్సులో పసిపిల్లలకు కూడా తెలుసు. ముంగిస.

అమ్మతో చెబితే ఎన్ని చీవాట్లు పెడుతుందో. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. ఆ గొంతు నిజంగా బాతుపిల్లదే కావచ్చు. అలా సర్ది చెప్పుకుంటూ గూడు దగ్గరికి వచ్చింది. నాచు కింద నుంచి చిన్న చప్పుడు. గుడ్ల లోపల బుల్లి ముక్కులు అప్పుడే పెంకును తడుతున్నాయి. అది విన్నాక ఇక ఆగలేకపోయింది. తిన్నగా అమ్మ దగ్గరికి ఈది, మొదటి పొగడ్త దగ్గర నుంచి చివరి లోతు దాకా, ఏడుస్తూ అంతా చెప్పేసింది.

అమ్మ దాన్ని రెక్క కిందికి లాక్కుంది.

"చెప్పావు, అదే పదివేలు. తిట్లు తర్వాత తీరిగ్గా తిడతాను. ముందు గుడ్ల సంగతి చూద్దాం పద" అంది అమ్మ.

సాయం కోసం మంచులో కేక వేస్తే ముంగిసకూ వినిపిస్తుంది. అందుకని మంచు విడిచి ఎండ కాసేదాకా ఆగి, తల్లీపిల్లా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఎదురుగా నిలబడి సంగతి చెప్పారు. కొంగ పిన్ని వెంటనే లేచింది. సంచిలాంటి పెద్ద నోరున్న గూడబాతు తాత, "వాడు ఎప్పటినుంచో నా చేతికి చిక్కడం లేదు" అంటూ బయల్దేరాడు. చివరికి నామాలకోడి మామయ్య దగ్గరికి వెళ్ళారు. నుదుటి మీద తెల్లని నామం, నడకలో పెద్దరికం, సరస్సులో ఆయనంతటి మర్యాదస్థుడు లేడని పేరు.

"మామయ్యా, మా గుడ్లను కాపాడు" అంది చిట్టిబుంగ.

నామాలకోడి తల దించుకున్నాడు. "ఆ ఆముదం మాట అన్నది నేనేనమ్మా. మంచులో ఎవరు చూస్తారులే అని, నాలుగు నవ్వుల కోసం అన్నాను. నువ్విలా ఎదురుగా వచ్చి అడుగుతుంటే నాకు తలెత్తబుద్ధి కావడం లేదు."

"తల తర్వాత ఎత్తుదువుగాని, ముందు గూడు నెట్టు" అంది కొంగ పిన్ని.

ఇక చూడాలి ఆ ఊరేగింపు. నాన్న బుంగ నీట మునిగి రెల్లు ముడి కొరికేశాడు. కొంగ పిన్ని ముందు నిలబడి తుంగపోగు ముక్కున కరిచి లాగింది. నామాలకోడి వెనక నుంచి రొమ్ముతో నెట్టాడు. అమ్మ బుంగ గుడ్ల మీద మహారాణిలా కూర్చుని, "ఎడమకి, కాస్త ఎడమకి" అని ఆజ్ఞలిచ్చింది. లోతు మొదలయ్యాక కొంగ పిన్ని ఆగిపోతే, నామాలకోడి బంధుబలగమంతా వచ్చి తోసింది. పొద్దు వాలేలోగా గూడు సరస్సు నడిబొడ్డున, ఏ కాలూ అందని నీళ్ళలోకి చేరింది.

"ఖాళీ అయిన చోట నేను కూర్చుంటాను. నా మీద కాస్త నాచు కప్పండి" అన్నాడు గూడబాతు తాత.

తెల్లవారింది. మంచు దట్టంగా దిగింది. అమ్మానాన్నా మేతకు వెళ్ళే వేళకు, "చిట్టీ, ఉన్నావా?" అంది తీపి గొంతు. ఎవరూ పలకలేదు. గట్టు దిగి నీళ్ళలో ఎవరో నడుస్తున్న చప్పుడైంది. వంగిన రెల్లు దుబ్బు కదిలింది. కుప్ప కనిపించగానే ఒక్క దూకు దూకింది ముంగిస. నాచు కింద తెరుచుకుని ఉన్న తాత నోట్లోకి తిన్నగా వెళ్ళి పడింది. తాత నోరు టప్పున మూశాడు.

పక్షులన్నీ పరుగున చేరాయి. తాత ముక్కు సందులోంచి పొడవాటి తోక వేలాడుతోంది. సంచిలోంచి అదే తీపి గొంతు, "నేను ఉత్తరదేశపు బాతుపిల్లనండీ. దారి తప్పి వచ్చాను" అంది.

"బాతుపిల్లకు ఇంత తోకేమిటమ్మా?" అంది కొంగ పిన్ని.

"మా దేశపు చలికి అలా పెరిగిందండీ" అంది సంచిలోని గొంతు.

నవ్వలేక పక్షులు నీళ్ళలో దొర్లాయి. పాపం తాతకు మాత్రం నవ్వే వీలు లేదు. నోరు తెరిస్తే దొంగ పారిపోతాడు. ఆయన ఒళ్ళంతా ఊగిపోతూ, కళ్ళవెంట నీళ్ళు కారుతూ కూర్చున్నాడు.

చిట్టిబుంగ ఆయన ముక్కు ముందుకు వచ్చి నిలబడింది. "నీ ఎదురుగా నిలబడే చెబుతున్నాను. నేను నిన్ను నిజంగా స్నేహితురాలనుకున్నాను. ఇక నీ గొంతుకు ఈ సరస్సులో ఎవరూ పలకరు" అంది. తాత ఎగిరి, కొండలవతల నీటిచుక్క దొరకని చోట నోరు తెరిచి వచ్చాడు. ముంగిస మళ్ళీ ఆ గట్టు తొక్కలేదు.

అమ్మ బుంగ మాట తప్పే పక్షి కాదు. దాచి ఉంచిన తిట్లన్నీ ఆ సాయంత్రం తీరిగ్గా తిట్టింది. తిట్టాక ఒక మంచి చేపపిల్లను తెచ్చి నోట్లో పెట్టింది.

ఆ మరునాడే గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. అయిదు బుల్లి బుంగలు, అయిదూ అమ్మ వీపెక్కి ఊరేగడమే. ఒకనాడు మంచులో అన్నిటికంటే చిన్నది అడిగింది:

"అక్కా, మంచులోంచి ఎవరైనా మంచిగా పిలిస్తే నేను పలకకూడదా?"

ఆ సన్నని గొంతు వినగానే చిట్టిబుంగకు గుండె నిండిపోయింది. ఆనాడు తిట్లకు భయపడి తాను నోరు మూసుకుని ఉంటే, ఈ గొంతు ఈ సరస్సులో ఎన్నటికీ వినిపించేది కాదు.

"ఎందుకు పలకకూడదు? చక్కగా పలుకు, నవ్వుతూ పలుకు. ఎవరి పిల్లవని అడుగు. మన గూడు సంగతి మాత్రం ఎత్తకు. ఎవరైనా అమ్మకు చెప్పకు అన్నారా, ఆ క్షణమే అమ్మ దగ్గరికి పరుగెత్తు. అమ్మ తిడుతుందేమో, తిట్టనీ" అని చెప్పి, చెల్లెలిని వీపు మీద ఎక్కించుకుని గొంతెత్తి పాడింది. మంచులో నలువైపుల నుంచీ పక్షులు పాట అందుకున్నాయి. అందరికంటే గట్టిగా అందుకున్నది నామాలకోడి మామయ్య.

పిల్లలూ, ఫోను తెర కూడా అలాంటి పొగమంచే. మొహం కనిపించని చోట మర్యాద తప్పకండి, ఇంటి గుట్టు విప్పకండి, పొరపాటు జరిగితే అమ్మానాన్నల దగ్గర దాచకండి.