ఓబుళమ్మ ఎరువుగుంత

అనగనగా, వానలు అరుదైన ఒక రాజ్యంలో చెన్నప్ప, ఓబుళమ్మ అనే ఆలుమగలు ఉండేవారు. వాళ్లకున్నది ఎరువు లేనిదే పండని ఒక మెట్టచేను, రెండెద్దులు, ఒక ఆవు.

ఆ రాజ్యంలో ఒక శాసనం ఉండేది. వరుసగా మూడేళ్లు పంట రాని చేనును రాజుగారి మనుషులు తీసేసుకుని, గుర్రాల మేతకు వదిలేస్తారు.

మొదటి ఏడు చెన్నప్ప పచ్చిపేడ మోసుకెళ్లి చేలో చల్లాడు. దాంతో చెదలు పట్టాయి, కలుపు కమ్మింది. కొర్ర మొలకలు వేళ్లు తెగి వాలిపోయాయి.

రెండో ఏడు పేడను ఆరుబయట కుప్ప పోశాడు. ఎండకు అది పిడకలా ఎండిపోయింది. ఉన్న కాస్త సారం మొదటి వానకే కొట్టుకుపోయింది. పంట మళ్లీ పోయింది.

ఇక మిగిలింది ఒక్క ఏడు. చెన్నప్పకు కంటిమీద కునుకు లేదు.

ఒకనాడు ఓబుళమ్మ, కూలిన పశువుల కొట్టం గోడ మట్టిని ఎత్తుతోంది. దాని కింద పోయినేటి పేడ, పశువుల మూత్రంలో నానిన చొప్ప కనిపించాయి. నల్లగా, పొడిపొడిగా ఉన్నాయి. కంపు లేదు.

"చూడయ్యా, నీడలో, తడి ఆరకుండా మట్టి కింద ఉన్నందుకే ఇది మాగింది. మనమూ అలాగే చేద్దాం" అంది.

కానుగచెట్టు నీడలో గుంత తవ్వారు. ఒక వరుస పేడ, ఒక వరుస మూత్రం పీల్చిన చొప్ప వేసి, పైన మట్టి మెత్తారు. తడి ఆరినప్పుడల్లా ఓబుళమ్మ కడుగునీళ్లు చిలకరించేది.

మొదటి వాన పడింది. ఊరంతా విత్తారు. గుంత తెరిస్తే వేడి, కంపు.

"ఉన్నదే వేసేద్దామే" అన్నాడు చెన్నప్ప.

"ఇంకా కాలేదయ్యా. ఆగు" అంది ఓబుళమ్మ.

రెండో వాన పడింది. ఎరువు ఇంకా గడ్డలుగానే ఉంది. అదే రోజు రాజుగారి అధికారి అటు వచ్చి, ఖాళీ చేను చూశాడు. "వచ్చే ఏడు ఇక్కడ గుర్రాలు మేస్తాయి" అని వెళ్లిపోయాడు.

చెన్నప్ప పార తీసుకుని గుంతలోకి దిగబోయాడు. ఓబుళమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకూ భయంగానే ఉంది. కానీ మాగనిదాన్ని మాగిందని నేలను మోసం చెయ్యలేం కదయ్యా."

ఆ తరువాత ఇరవై రోజులు ఆకాశంలో మబ్బు తునక లేదు. చివరికి మబ్బులు కమ్మిననాడు మూడోసారి తెరిచారు. ఎరువు నల్లగా, పొడిపొడిగా చేతిలోంచి జారింది. ఆ పూటే చల్లి, ఎండ తగలకముందే దున్ని, విత్తారు. సాయంత్రానికి వాన పడింది.

మళ్లీ వాన మొహం చాటేసింది. ఇరుగుపొరుగు చేలు మాడిపోయాయి. వీళ్ల కొర్ర మధ్యాహ్నం ఆకు ముడిచేది, పొద్దు వాలేసరికి తేరుకునేది. ఇద్దరూ రోజూ వెళ్లి, రేపటికి బతుకుతుందో లేదో అని చూసుకునేవారు. బతికింది. చేను నిండకపోయినా కంకి నిండింది.

అధికారి వచ్చి, పిడికెడు మట్టి తీసి నలిపి చూశాడు. "ఏం వేశావమ్మా?"

ఓబుళమ్మ ఆయన్ని గుంత దగ్గరికి తీసుకెళ్లి, ఏమీ దాచకుండా చెప్పింది. వెంట వచ్చిన ఊరివాళ్లూ విన్నారు. చేను వాళ్లదిగానే మిగిలింది. మరుసటి వేసవికి ప్రతి కొట్టం పక్కనా ఒక గుంత వెలిసింది.

పిల్లలూ, ఎంత భయం వేసినా తొందరపడక, శ్రద్ధగా సిద్ధం చేసి ఇచ్చినదే నేలకు బలమవుతుంది, మనకు అన్నమవుతుంది.