మాస్టారి దాహం

భావనారాయణ మాస్టారు కాలం చేసిన ఏడాదికి పాఠశాల ఆవరణలో సంస్మరణ సభ జరిగింది. ఇరవై ఆరేళ్ళు ఆ బడికి ప్రధానోపాధ్యాయులుగా ఉన్న మనిషి. మాట్లాడిన వారందరూ ఆయన ఊరికి చేసిన మేలు చెప్పారు. చేనేత సంఘాన్ని నిలబెట్టిన సంగతి ఒకరు, సాలె వీధులకు మంచినీటి కుళాయిలు తెప్పించిన సంగతి మరొకరు వివరించారు. రెండు నెలలు కూలి మగ్గాలు ఆగిపోయిన సమ్మెను ఆయన రాజీ చేసిన తీరును అందరూ ప్రస్తావించారు.

చివరగా కోటిలింగాన్ని పిలిచారు. అతడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడు, ఆయన కింద పనిచేసినవాడు, ఆయన తరువాత ఆ బడిని నడిపినవాడు. మాట్లాడడానికి ఐదు నిమిషాలు ఇచ్చారు. గురువును గురించి చెప్పుకోదగినవి అతడి దగ్గర చాలా ఉన్నాయి. తనను గురించి చెప్పుకోదగనిది ఒకటి ఉంది. అది చెప్పకుండా గురువును చెప్పడం ఎలాగో అతడికి తోచలేదు. అందుచేత అదే చెప్పాడు.

మాస్టారికి ఒక అలవాటు ఉండేది. సాయంత్రం బడి విడిచాక హాజరు పట్టీ చంకన పెట్టుకొని వీధుల్లోకి బయలుదేరేవారు. ఆ రోజు ఏ బిడ్డ రాలేదో ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవారు. దాహం వేస్తోంది, మంచినీళ్ళు ఇప్పించండమ్మా అనేవారు. నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయేవారు. బడి ఊసు ఎత్తేవారు కారు. మరునాడు ఆ బిడ్డ బడిలో ఉండేది.

ఊరందరికీ అది తెలుసు. జ్వరమని ముసుగు తన్నిన పిల్లలను తల్లులు బెదిరించడానికి వేరే మాట వాడేవారు కారు. "పడుకో నాయనా, పడుకో. సాయంత్రానికి మాస్టారికి దాహమేసిద్ది" అనేవారు.

కోటిలింగానికి ఇరవై ఏడేళ్ళ వయస్సులో మాస్టారు పదో తరగతిని అప్పగించారు. లెక్కల్లో దిట్ట. చిన్నతనం. ఈసారి పదో తరగతి ఫలితం నూటికి నూరు రావాలని పట్టుబట్టాడు. ఆ జిల్లాలో అంతవరకు ఏ పల్లెటూరి బడికీ రాలేదు. పాఠశాల సంఘం పెద్దలు కూడా, అలా వస్తే ఊరేగిస్తామన్నారు.

ఆ ఏడాదే సమ్మె వచ్చింది. మాస్టారు రోజూ సాయంత్రం కూలికి నేసేవారికీ షావుకార్లకూ మధ్య తిరగవలసి వచ్చింది. తన బదులు వీధులు తిరిగి రమ్మని హాజరు పట్టీ కోటిలింగం చేతికి ఇచ్చారు. అతడు మొదటి వారం తిరిగాడు. తరువాత, దసరాకు ముందే, మానేశాడు. రాని ఇద్దరు ముగ్గురి కోసం తిరిగే గంట, వచ్చే మిగతా అందరికీ చెబితే మేలని లెక్క వేసుకున్నాడు. లెక్క ప్రకారం అది తప్పు కాదు.

ఆ ఏడు బడి మానిన ముగ్గురిలో ఇద్దరు తల్లిదండ్రులతో షోలాపూరు వలసపోయారు. మూడోది నాంచారమ్మ. తల్లి మంచాన పడడంతో దసరా నుంచి తండ్రి సాంబయ్య సొంత మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఇంటి దగ్గర ఉండిపోయింది. ఒకనాడు వచ్చి గది బయట నిలబడి, పరీక్షకు కట్టవచ్చా అండీ అని అడిగింది. వచ్చే ఏడు చూద్దామని కోటిలింగం పంపేశాడు. ఆమెకు లెక్కలు అంతంత మాత్రం. హాజరు ఎలాగూ చాలదు. ఆ సంగతి మాస్టారి దాకా పోలేదు.

పరీక్ష రాసేవారి జాబితా పంపడానికి ఒక్క రోజు గడువు ఉందనగా అతడు దాన్ని సంతకానికి తీసుకుపోయాడు. మాస్టారు ఒక్కొక్క పేరు మీద వేలు ఆనించి చదివారు. చివరికి వచ్చి మళ్ళీ పైనుంచి చదివారు.

"సాంబయ్య కూతురు లేదే?"

"బడి మానేసిందండీ."

"వాళ్ళింటికి వెళ్ళావా?"

కోటిలింగం హాజరు తక్కువైందన్నాడు. నిబంధన సంఖ్యతో సహా చెప్పాడు. ముప్పైఎనిమిది మంది రాస్తే ముప్పైఎనిమిది మందీ గట్టెక్కుతారని, అందుకు తనది పూచీ అని కూడా చెప్పాడు. మాస్టారు అంతా విన్నారు. జాబితా మడిచి సొరుగులో పెట్టారు. సంతకం రేపు చేస్తానన్నారు.

ఆనాటి సాయంత్రం మాస్టారు కోటిలింగం ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. కోటిలింగం లోపల జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాడు. ముంగిట్లో బియ్యం ఏరుతున్న అతడి తల్లితో ఆయన, దాహం వేస్తోంది, మంచినీళ్ళు ఇప్పించండమ్మా అన్నారు.

ఆమె చెంబూ గ్లాసూ తెచ్చి నవ్వింది. "ఇదేంది మాస్టారూ, మావాడు ఇప్పుడు బడి ఎగ్గొట్టాడా?"

ఆయన నీళ్ళు తాగారు. గ్లాసు పక్కన పెట్టి, వస్తానమ్మా అని వెళ్ళిపోయారు. గడపలోకి వచ్చి నిలబడిన కోటిలింగాన్ని పలకరించలేదు.

తల్లి ఇంకా నవ్వుతూనే ఉంది. కోటిలింగం చొక్కా తొడుక్కొని, పరీక్ష దరఖాస్తు ఒకటి జేబులో పెట్టుకొని సాంబయ్య ఇంటికి నడిచాడు.

సాంబయ్య గుంటమగ్గంలో కూర్చొని ఉన్నాడు. పక్కన నాంచారమ్మ రాట్నం ముందు కండెలు చుడుతోంది. ఎవరూ కూర్చోమనలేదు. సాంబయ్యే ముందు అన్నాడు.

"నీళ్ళు కావాలా పంతులుగారూ? ఇన్నాళ్ళకు గుర్తొచ్చామే."

సాంబయ్య మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపి, గొంతు తగ్గించాడు.

"తప్పు మీది కాదులే. పిల్ల మానేసిన మొదటి వారం రోజూ సాయంత్రం దీని తల్లి మంచం మీంచే చెంబు కడిగి పెట్టించేది. ఎవరూ రాలా. దీనికి చదువు అబ్బదని బడివాళ్ళే తేల్చుకున్నారు గామోసు అనుకున్నాం. మాస్టారికి తెలియకుండా ఉంటదా అనుకున్నాం."

కోటిలింగం పరీక్ష దరఖాస్తు తీసి రాట్నం పక్కన పెట్టాడు. హాజరుకు మాస్టారు సిఫారసు రాస్తారని, రేపు మధ్యాహ్నం లోగా సంతకం కావాలని చెప్పాడు.

నాంచారమ్మ దారం చేత్తో పట్టుకొని రాట్నం ఆపింది.

"నాకు లెక్కలు రావండీ."

"నాకు వచ్చు. రోజూ సాయంత్రం ఇక్కడికే వస్తాను."

"నేను తప్పితే మీ నూరు పోద్దిగా అండీ."

ఆ సంగతి బడిలో అందరికీ తెలుసునని కోటిలింగానికి అప్పుడే తెలిసింది. పోతుంది అన్నాడు. ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. సాంబయ్య మగ్గంలోంచి లేవకుండానే, పెట్టవే, పెట్టు, పంతులుగారు ఎంతసేపు నిలబడతారు అన్నాడు. ఆమె చేతులు తుడుచుకొని సంతకం చేసింది.

మరునాడు మాస్టారు జాబితా సొరుగులోంచి తీశారు. ముప్పైతొమ్మిదో పేరు కోటిలింగం చేత రాయించారు. సిఫారసు తానే రాసి సంతకం చేశారు. ముందు రోజు సాయంత్రం గురించి ఒక్క మాట అనలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ అనలేదు.

నాలుగు నెలలు కోటిలింగం సాంబయ్య ఇంటికి వెళ్ళాడు. ఒకవైపు రాట్నం తిరుగుతూ ఉండేది, మరోవైపు అతడు గోడ మీద బొగ్గుతో లెక్కలు చేస్తూ ఉండేవాడు. గోడ నిండితే సాంబయ్య సున్నం కొట్టేవాడు. మూడుసార్లు కొట్టవలసి వచ్చింది. ఈ పిల్ల చదువుకు నూలు కంటే సున్నమే ఎక్కువ పడుతోందని వీధిలో చెప్పుకొని నవ్వేవాడు.

ఎండాకాలంలో పత్రికలో ఫలితాలు వచ్చాయి. కోటిలింగం బస్సు స్టాండు దగ్గర పత్రిక కొని అక్కడే నిలబడి చూశాడు. ముప్పైఎనిమిది సంఖ్యలు ఉన్నాయి. నాంచారమ్మ సంఖ్య లేదు. రెండోసారి చూశాడు. పక్క వరుసలు కూడా చూశాడు. లేదు.

పాఠశాల సంఘం పెద్దలు అక్కడే కనిపించారు. ఒక్కదాని వల్ల ఎంత పేరు పోయిందయ్యా అన్నారు. చేర్చమని ఎవరన్నారని అడిగారు. తానే చేర్చానని చెప్పి అతడు నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాడు.

మాస్టారు వరండాలో కూర్చొని చేనేత సంఘం కాగితాలు చూసుకుంటున్నారు. కోటిలింగం పత్రిక ఆయన ముందు పరిచాడు. ఆ ఒక్క సంఖ్య ఉండవలసిన చోటు వేలితో చూపించాడు. నాలుగు నెలల శ్రమ చాలలేదని, లోపం తనదేనని, పెద్దలకు తాను ముఖం చూపలేకపోతున్నానని చెప్పాడు. చాలాసేపు చెప్పాడు.

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకొని పత్రిక చూశారు. తరువాత అతడి ముఖం చూశారు.

"ఆ పిల్లకు తెలిసిందా?"

"ఇంకా లేదండీ. పత్రిక ఇప్పుడే వచ్చింది."

ఆయన పత్రిక మడిచి అతడి చేతికి ఇచ్చారు.

"అయితే నా దగ్గరకు ఎందుకు వచ్చావు?"